పొగ గొడుగు

బొగ్గుతో కరెంటు తీసే కేంద్రాల పొగగొట్టాలకు గంధకాన్ని కడిగే యంత్రాలు బిగించాలా వద్దా అనే వివాదం మన దేశంలో పదేళ్ళపాటు నడిచింది. బిగించి తీరాలని 2015 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం ఉత్తరువు చేసింది. రెండేళ్ళు గడువిచ్చింది. ఆ గడువు దాటిపోయింది, మరొక గడువు వచ్చింది, అదీ దాటిపోయింది. చివరికి 2025 జూలైలో, దేశంలోని బొగ్గు కేంద్రాలలో నాలుగింట మూడు వంతులకు పైగా వాటికి అసలా బాధ్యతే లేదని ప్రకటించి ప్రభుత్వం చేతులు దులుపుకుంది. గడువులు పొడిగించి పొడిగించి చివరకు పనినే రద్దు చెయ్యటం మన పరిపాలనలో కొత్త సంగతి కాదు గనక, దాన్ని చూసి ఆశ్చర్యపడటానికి నేనీ వ్యాసం రాయటం లేదు. ఆ నిర్ణయానికి చదువుకున్నవాళ్ళలో దొరుకుతున్న సమర్థన నాచేత దీన్ని రాయిస్తోంది.

ఆ సమర్థన ఇలా వుంటుంది: "గంధకపు పొగ సూర్యరశ్మిని వెనక్కు కొడుతుంది. దాని మూలాన దేశం ఎంతో కొంత చల్లగా వుంటోంది. దాన్ని కడిగేశామంటే ఇప్పుడున్న ఎండలు మరింత మండిపోతాయి. కనక కడగకపోవటమే ప్రజలకు మేలు." దీన్ని నాకు చెప్పినవాడు కంపెనీ మనిషి కాడు, కాలేజీలో భౌతికశాస్త్రం బోధించేవాడు, మన సమావేశాలకు వచ్చి వెనక వరసలో కూచునేవాడు. "ఇది నా మాట కాదండీ, సైన్సు మాట" అని కూడా అన్నాడు. కంపెనీవాడు అన్నట్టయితే నవ్వి వూరుకునేవాణ్ణి. మనవాడు సైన్సు పేరు చెప్పి అంటున్నాడు గనక వూరుకోవటానికి వీల్లేదు. సైన్సు ఏమన్నదో మొదట్నించి చూద్దాం.

ముందుగా ఆయన వాదంలో నిజమెంతో అంతా ఒప్పుకోవాలి. ఎదటివాడి నిజాన్ని దాచిపెట్టి గెలిచే వాదం మనకక్కర్లేదు.

గాలిలో తేలే నుసి లేకపోతే మబ్బే లేదు. 19వ శతాబ్దం చివర స్కాట్లండులో జాన్ ఎయిట్‌కెన్ అనే ఆయన ఈ సంగతిని ప్రయోగం చేసి చూపించాడు: వడగట్టిన గాలిలోకి ఆవిరి వదిలితే మంచు పట్టలేదు, వడగట్టని గాలిలోకి వదిలితే పట్టింది. నీటి ఆవిరి బిందువుగా మారటానికి దానికొక పీట కావాలి. ఆ పీట వేసేది కంటికి కనబడని ధూళికణం. సముద్రపు వుప్పు, ఎడారి దుమ్ము, అడవి పొగ అనాదిగా ఈ పని చేస్తూనే వున్నాయి. (మేఘంలో పొగ వుందని మేఘదూతంలో కాళిదాసు చెప్పాడనీ, అందుచేత మనవాళ్ళకు ఇదంతా ఎప్పుడో తెలుసుననీ మురిసిపోయేవాళ్ళున్నారు. కాళిదాసు మహాకవి. ఆయన చేత కణాలు లెక్కపెట్టించబోవటం ఆయనకు చేసే గౌరవం కాదు.)

బొగ్గును కాల్చినప్పుడు వచ్చే సల్ఫర్ డయాక్సైడు గాలిలో మారిపోయి సల్ఫేటు కణాలవుతుంది. ఈ కణాలు తెల్లనివి. ఎండను వెనక్కు చిమ్ముతాయి. 1991లో ఫిలిప్పీన్స్‌లో పినతూబో అగ్నిపర్వతం పేలి కోటిన్నర టన్నులకు పైగా సల్ఫర్ డయాక్సైడును ఆకాశంలోకి ఎగజిమ్మినప్పుడు భూగోళపు సగటు వేడి సుమారు అర డిగ్రీ తగ్గింది. ఇవే కణాలు మబ్బులో చేరితే, వున్న నీటినే మరిన్ని బిందువులు పంచుకుంటాయి. బిందువులు చిన్నవవుతాయి, మబ్బు మరింత తెల్లబడి మరింత ఎండను తిప్పికొడుతుంది. టూమీ అనే శాస్త్రజ్ఞుడు 1970ల్లో ఈ లెక్క కట్టాడు. 2021లో ఐక్యరాజ్యసమితి వాతావరణ శాస్త్రజ్ఞుల సంఘం తేల్చినదేమంటే, బొగ్గుపులుసు గాలి వగైరా వాయువులు భూమిని ఒక డిగ్రీ నుంచి రెండు డిగ్రీల దాకా వేడెక్కించాయనీ, ముఖ్యంగా ఈ నుసి వల్ల అందులోంచి సున్నా నుంచి 0.8 డిగ్రీ దాకా మరుగుపడిందనీ. చైనా 2013 తరవాత తన గంధకపు పొగను మూడు వంతులకు పైగా తగ్గించుకుంటే, ఇటీవల భూమి వేడెక్కే వేగం పెరగటానికి అది కూడా ఒక కారణమయివుంటుందని 2025లో ఒక పరిశోధన చెప్పింది. మన దేశపు సగటు వేడి 1901 నుంచి 2018 దాకా సుమారు 0.7 డిగ్రీ పెరిగిందని కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020 నివేదికలో వుంది. ఇంకా పెరగకపోవటానికి పొగ కొంత కారణమని ఆ నివేదికే అంటుంది.

కనక పొగ గొడుగు పట్టిందనే మాట నిజమే. అధ్యాపకుడు ఇక్కడిదాకా చదివి పుస్తకం మూసేశాడు.

తరవాతి పేజీలో ఏముంది? 1999 జనవరి నుంచి మార్చి దాకా హిందూ మహాసముద్రం మీద జరిగిన పెద్ద పరిశోధన వుంది. అందులో అనేక దేశాల శాస్త్రజ్ఞులు పాల్గొన్నారు. మన సాగర కన్య నౌక పాల్గొంది. మాల్దీవులలో కాషిధూ అనే చిన్న దీవి మీద పరిశీలనశాల పెట్టారు. నాయకత్వం వహించినవాళ్ళలో ముఖ్యుడు మన దక్షిణాదివాడైన వి. రామనాథన్; మన దేశంలో ఏ.పి. మిత్ర. వీళ్ళకు కనబడింది తెల్లని పొగ కాదు. మూడు కిలోమీటర్ల మందాన, సుమారు కోటి చదరపు కిలోమీటర్ల మేర పరుచుకున్న గోధుమరంగు మసక. దానికి ఆ రంగు వచ్చింది మసి వల్ల. సల్ఫేటు ఎండను చిమ్ముతుంది. మసి ఎండను మింగుతుంది. రెండూ ఒకే పొయ్యిలోంచి, ఒకే యింజనులోంచి, ఒకే బట్టీలోంచి కలిసి వస్తాయి, గాలిలో ఒకదాన్నొకటి అంటుకుని తిరుగుతాయి.

మసి మింగిన ఎండ ఏమైంది? ఎక్కడికీ పోలేదు. నేలకు రావలసిన వేడి ఆకాశంలోనే ఆగిపోయింది. నేల మీద ఎండ పది శాతానికి పైగా తగ్గింది, పైన గాలి కాగింది. 2006 మార్చిలో రామనాథనూ ఆయన అనుచరులూ మాల్దీవుల మీద మూడు చిన్న మానవరహిత విమానాలను ఒకదాని మీదొకటిగా, మసక కింద, మసకలో, మసక పైన ఎగరేసి దీన్ని కొలిచారు. కింది వాతావరణం ఎండను మింగి కాగటం ఈ మసక మూలాన సుమారు సగం ఎక్కువయిందని తేలింది. కాగిన గాలిలో మబ్బు నిలవదు. 1999 పరిశీలనల ఆధారంతోనే అకర్‌మన్ ప్రభృతులు 2000లో చూపించినదేమంటే, మసి నిండిన గాలిలో మధ్యాహ్నమయ్యేసరికి చిన్న చిన్న మబ్బులు ఆరిపోతున్నాయని. అంటే తెల్లకణం మబ్బును తెల్లబరిచి ఎండను తిప్పికొడితే, నల్లకణం మబ్బునే ఎగరగొట్టి ఎండను లోనికి రానిస్తుంది. గొడుగుకు చిల్లులు పొడిచేది కూడా ఈ పొగే.

"పొగ చల్లబరుస్తుంది" అనే వాక్యం ఇంతలోనే ఎంత బలహీనపడిందో చూడండి. ఏ పొగ? ఎక్కడ? నేల మీదా, ఆకాశంలోనా? సగటు అనే మాట చాటున ఇన్ని ప్రశ్నలు దాగున్నాయి. సగటు మీద నాకు మొదట్నించీ అనుమానమే. షావుకారుకూ పాలేరుకూ కలిపి సగటు ఆదాయం కడితే పాలేరు కూడా మోతుబరి అవుతాడు.

ఇంతకన్నా పెద్ద విషయం మరొకటుంది. చలవ అనేది రెండు రకాలుగా వస్తుంది. నీళ్ళు చల్లితే వచ్చే చలవ వేరు, ఎదురుగా ఎవడో మేడ కడితే మన పెరట్లో పడే నీడ చలవ వేరు. ఆ పెరట్లో బట్టలారవు, పాదుల మీద కాయ నిలవదు. పొగ ఇచ్చేది ఈ రెండో రకం. ఎండ తగ్గితే సముద్రం మీద నీళ్ళు ఆవిరి కావటం తగ్గుతుంది. నైరుతి ఋతుపవనమనే యంత్రం నడిచేదే నేలకూ సముద్రానికీ మధ్య, ఉత్తర హిందూ మహాసముద్రానికీ దక్షిణ హిందూ మహాసముద్రానికీ మధ్య వుండే వేడి తేడా మీద. పొగ గొడుగు ఉత్తరం మీద దట్టంగానూ దక్షిణం మీద పలచగానూ వుంది. తేడా తగ్గింది, యంత్రం నెమ్మదించింది. రామనాథన్ బృందం 2005లో ఈ వాదం పెట్టింది. బొల్లాసినా, మింగ్, రామస్వామి అనే ముగ్గురు 2011లో కంప్యూటరు నమూనాలతో మళ్ళీ పరిశీలించి, 20వ శతాబ్దం రెండవ భాగంలో దక్షిణాసియా వానలు తగ్గటానికి మనుషులు వదిలిన నుసే ప్రధాన కారణమన్నారు. తగ్గుదల కల్పన కాదు: 1951 నుంచి 2015 దాకా మన నైరుతి వానలు సుమారు ఆరు శాతం తగ్గాయని పైన చెప్పిన 2020 నివేదికలోనే వుంది. గంగా మైదానంలోనూ పడమటి కనుమలలోనూ మరీ తగ్గాయి.

దీన్ని కాదనేవాళ్ళు శాస్త్రజ్ఞులలోనే వున్నారు. హిమాలయాల వాలున పేరుకున్న మసీ దుమ్మూ వేసవి చివర గాలిని పైకి లాగి, ఆ ప్రాంతంలో వానలను ముందుకు తెస్తాయని లౌ ప్రభృతులు 2006లో వాదించారు. హిందూ మహాసముద్రమే వేడెక్కటం మరొక కారణం. కాని వాళ్ళ తగాదా వాన ఎక్కడ, ఎప్పుడు, ఎంత మారిందనే దాని మీదే. పొగ వానను ముట్టుకోకుండా ఎండను మాత్రమే తగ్గిస్తుందని ఎవరూ అనటం లేదు. అలా అంటున్నవాడు మన స్టాఫ్‌రూములో వున్నాడు.

ఆరు శాతమంటే ఎంతలే అనుకునేవాళ్ళు కాలవ కింద భూమి వున్నవాళ్ళు. నాగార్జునసాగర్ ఆయకట్టు రైతు ఒక వాన తప్పితే గేటు వైపు చూస్తాడు. అనంతపురం వేరుశనగ రైతు ఆకాశం వైపే చూడాలి.

ఇక మబ్బు లోపలికి వద్దాం. అధ్యాపకుడి సైన్సు మబ్బు రంగు దగ్గర ఆగిపోయింది, మబ్బు కడుపులో ఏం జరుగుతుందో చూడలేదు. మబ్బులోని బిందువు మిల్లీమీటరులో నూరో వంతు వుంటుంది. అలాంటివి పది లక్షలు కలిస్తే ఒక వానచుక్క. కలవాలంటే కొన్ని బిందువులు పెద్దవి కావాలి. పెద్దవి కిందికి జారుతూ చిన్నవాటిని ఢీకొని తమలో కలుపుకుంటాయి. బిందువులన్నీ ఒకే చిన్న సైజులో వుంటే ఏదీ జారదు, ఏదీ కలవదు. పొగ చేసేది సరిగ్గా ఇదే. వున్న నీటిని లక్షల పీటల మీద తలా కాస్త పంచిపెట్టి, ఏ పీట మీదా చుక్క కానివ్వదు. పుణేలోని వాతావరణ పరిశోధన సంస్థవారు 2009 నుంచి మేఘాల్లోకి విమానాలు పంపి కొలిచినప్పుడు, మురికి గాలిలోని మబ్బు శుభ్రమైన గాలిలోని మబ్బు కన్నా చాలా ఎత్తు పెరిగితేగాని వానకు సిద్ధం కావటం లేదని చూశారు. బాగా ఎత్తు పెరగగల పెద్ద మబ్బులు ఆ తరవాత ఉరుములతో మెరుపులతో ఒక్క పెట్టున కుమ్మరించవచ్చు. తక్కువెత్తు మబ్బుల సంగతి అంతే. అవి వచ్చి చూసి పోతాయి. మెట్ట రైతు జీవితం ఆ తక్కువెత్తు మబ్బుల మీద, వాటి తుంపరల మీద ఎంతగా ఆధారపడివుందో మెట్ట రైతును అడిగితే చెబుతాడు.

ఇక్కడొక తమాషా చెప్పకుండా ముందుకు పోలేను. పొగగొట్టాల ద్వారా మబ్బులో కోట్లాను కోట్ల సన్నకణాలు చల్లించే ప్రభుత్వాలే, వాన రాలేదని విమానాలు అద్దెకు తెచ్చి మబ్బులో మళ్ళీ కణాలు చల్లిస్తాయి. 2000 తరవాతి దశకంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీనికి "మేఘమథనం" అని పౌరాణికమైన పేరు పెట్టారు. క్షీరసాగరం చిలికితే అమృతానికి ముందు హాలాహలం వచ్చింది, ఇక్కడ బిల్లులొచ్చాయి. 2025 అక్టోబరులో ఢిల్లీలో, పొగను కడగటానికి వాన కురిపిస్తామని విమానం లేపారు. గాలిలో తేమ లేదు, చెప్పుకోదగిన వాన పడలేదు. ఉప్పు రజను చల్లి పెద్ద బిందువులు చెయ్యాలనేది ఈ విద్యలోని ఒక సూత్రం. సూత్రం తప్పేం కాదు. కాని పొగగొట్టం ఏడాది పొడుగునా, రాత్రింబవళ్ళు, బిందువులను చిన్నవి చేస్తూ వుంటే, విమానం ఒక మధ్యాహ్నం వాటిని పెద్దవి చెయ్యబోతుంది. మొదటి పని చేసేవాడికి మినహాయింపు, రెండో పని చేసేవాడికి కాంట్రాక్టు. మధ్యలో మబ్బుకు ఏం చెయ్యాలో తోచదు.

సరే, వాన మాట వదిలేద్దాం; వేడి మాటే మాట్లాడదాం. అధ్యాపకుడి లెక్కలో కాలం లేదు. గాలిలో గంధకపు నుసి ఆయువు వారం పది రోజులు. అదే గొట్టంలోంచి, అదే బొగ్గు నుంచి వచ్చిన బొగ్గుపులుసు గాలి శతాబ్దాల తరబడి ఆకాశంలో వుంటుంది. ఒక టన్ను బొగ్గు తగలేస్తే పది రోజుల నీడ, కొన్ని తరాల ఎండ. వచ్చే వారానికి నీడ కావాలంటే మళ్ళీ తగలెయ్యాలి. ఎండ మాత్రం పాతదాని మీద కొత్తది పేరుకుంటూ పోతుంది. ఇది మన పల్లెల్లో అందరికీ తెలిసిన వ్యాపారమే. షావుకారు ప్రతి శనివారం చేబదులు ఇస్తాడు, ఆ పూట అన్నం వండుకుంటాం. పత్రం మీద వడ్డీ పెరుగుతూనే వుంటుంది. చేబదులు ఆగిపోతే ఆకలేస్తుందన్నది నిజమే. అందుచేత షావుకారు ధర్మాత్ముడని మనలో ఎవరూ వాదించలేదు ఇంతవరకూ.

ఇంతకీ నీడ ఎవరికి, పొగ ఎవరికి? పినతూబో గంధకం ఇరవై కిలోమీటర్ల పైకి పోయింది. మన పొగగొట్టం ఎంత పొడుగైనా కొన్ని వందల అడుగులే. దాని కణం ఆకాశానికి ఎంత చేరుతుందో ముక్కుకూ అంతే చేరుతుంది. గాలి కాలుష్యం మూలాన 2021లో ప్రపంచంలో 81 లక్షల మంది, మన దేశంలో 21 లక్షల మంది చనిపోయారని అంతర్జాతీయ అంచనా. ఇందులో పొయ్యి పొగా వుంది, మోటారు పొగా వుంది, బొగ్గు పొగా వుంది. బొగ్గు కేంద్రాల తరఫువాళ్ళు దీనికొక జవాబు చెబుతారు: "మా చుట్టుపక్కల గాలిలో సల్ఫర్ డయాక్సైడు పరిమితికి లోబడే వుంది, కొలుచుకోండి" అంటారు. కొలిస్తే వుంటుంది కూడాను. ఎందుకంటే ఆ వాయువు అక్కడే కూచోదు. గాలిలో ప్రయాణం చేస్తూ సల్ఫేటు నుసిగా మారి, వందల మైళ్ళ అవతల మరొక ఊళ్ళో, మరొక పేరుతో, మరొకడి ఖాతాలో లెక్కకు వస్తుంది. రామగుండంలో పుట్టిన గంధకం ఎవరి రొమ్ములో దగ్గయిందో పంచాయతీ తేల్చలేదు. దొంగ ఇంట్లో సొత్తు దొరకలేదు గనక దొంగతనమే జరగలేదనటం పోలీసు తర్కం కావచ్చునుగాని, సైన్సు తర్కం కాదు.

ఈ నీడ కాపాడిన ప్రాణాలెన్నో కూడా అడగాలి. 2015 మే నెలలో వడగాడ్పులకు దేశంలో రెండువేల మందికి పైగా చనిపోయారు. అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణలవాళ్ళు. పొగ గొడుగు అప్పుడూ వుంది. దాని కిందే చనిపోయారు. చచ్చినవాళ్ళలో ఎక్కువ మంది ఎవరో ఈ పత్రిక చదివేవాళ్ళకు చెప్పనక్కర్లేదు. ఎయిర్‌కండిషనరు కింద కూచున్న మనిషికి అర డిగ్రీ పొగ నీడతో పని లేదు. రోహిణీ కార్తెలో రాళ్ళు మోసే మనిషికి అది చాలదు.

ఇప్పుడు మనవాళ్ళ వైపు తిరుగుతాను. 1999 పరిశోధన ఫలితాల మీద ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ 2002 ఆగస్టులో నివేదిక ప్రకటించి దానికి "ఆసియా గోధుమ మేఘం" అని పేరు పెట్టినప్పుడు మన దేశంలో పెద్ద గొడవ జరిగింది. జె. శ్రీనివాసన్, సులోచనా గాడ్గిల్ అనే మన శాస్త్రజ్ఞులిద్దరు ఆ నివేదిక నిరూపించినదెంత, వూహించినదెంత అని నిశితంగా విమర్శించారు. అది శాస్త్రం చెయ్యవలసిన పనే. తరవాత ఆ పేరులోంచి ఆసియాను తీసేశారు. అదీ న్యాయమే. పొగ ఆసియా సొత్తు కాదు. కాని వాళ్ళ విమర్శను అడ్డం పెట్టుకుని, ఇదంతా పడమటి దేశాల కుట్ర, మన అభివృద్ధి మీద ఈర్ష్య అని అరిచినవాళ్ళున్నారు. సామ్రాజ్యవాద వ్యతిరేకత అనే మంచి మాటను మన పెట్టుబడిదారు పొగగొట్టానికి మూతగా వాడటం చూసి మనలో కొందరు చప్పట్లు కొట్టారు. ఆ అలవాటు ఇప్పటికీ పోలేదు.

నిజమైన సామ్రాజ్యవాద చరిత్ర కావాలంటే ఆఫ్రికాలో సహేల్ ప్రాంతాన్ని చూడండి. 1970, 80లలో అక్కడ ఏళ్ళ తరబడి వానలు లేవు, లక్షల జనం నశించారు. మేకలు మేపి నేలను పాడుచేసుకున్నారని అప్పట్లో ఆ పేదలనే నిందించారు. ఆ కాలంలో ఐరోపా, ఉత్తర అమెరికాల కర్మాగారాలు కక్కిన గంధకపు పొగ ఉత్తరార్ధగోళాన్ని చల్లబరిచి, ఉష్ణమండలపు వానల పట్టీని దక్షిణానికి నెట్టటం ఆ కరువుకు ఒక ముఖ్య కారణమని తరవాతి పరిశోధనలు చెప్పాయి. లండనూ పిట్స్‌బర్గూ గొడుగు పట్టుకుంటే నీడ చాడ్, నైజర్ దేశాల పొలాల మీద పడింది. పొగ నీడ మేలు చేస్తుందని వాదించేవాడు ఈ సంగతి తెలిసి వాదిస్తున్నాడా? పినతూబో నీడలో కూడా, 1991 చివరనుంచి 1992 దాకా, ప్రపంచపు నేలల మీద వానా నదుల ప్రవాహమూ బాగా పడిపోయాయి. ఇప్పుడు కొందరు ధనవంతులు విమానాలతో గంధకాన్ని ఆకాశంలో చల్లి భూమిని చల్లబరుస్తామంటున్నారు. మన స్టాఫ్‌రూము వాదం వాళ్ళ వాదానికి తమ్ముడు.

నింద పేదవాడి మీదికి తోసే విద్య సహేల్‌తో అయిపోలేదు. గోధుమ మేఘం గొడవలో కూడా "అసలు దోషి పిడకల పొయ్యి" అన్నారు. ఇందులో నిజం వుంది, దాచనక్కర్లేదు. మన దేశపు మసిలో వంటచెరుకు వాటా అన్నిటికన్నా పెద్దదని చంద్రా వెంకటరామన్ బృందం 2005లో అంచనా కట్టింది. 2009లో గుస్తాఫ్‌సన్ ప్రభృతులు మాల్దీవుల్లోనూ పుణే దగ్గర సింహగడ్‌లోనూ పట్టిన మసిలోని కార్బను వయస్సు చూసి, కర్బన నుసిలో మూడింట రెండు వంతులు కట్టె, పేడ, గడ్డి వంటి వాటినుంచి వచ్చిందన్నారు. ఒప్పుకుందాం. కాని పిడకలతో వండటం ఆ మనిషి సరదా కాదు. ఆకాశంలోకి పోయిన మసిలో మొదటి వాటా ఆమె ఊపిరితిత్తుల్లోకే పోయింది. ఉమ్మడి ఆంధ్రలో 1999లో దీపం పథకం కింద గ్యాసు ఇచ్చారు. 2016 నుంచి ఉజ్జ్వల పేరున దేశంలో పది కోట్లకు పైగా కనెక్షన్లిచ్చారు. 2023-24 నాటికి ఆ కనెక్షను వున్న ఇల్లు ఏడాదికి సగటున వాడింది నాలుగు సిలిండర్లే. నాలుగు సిలిండర్లతో ఏడాది వంట ఏ ఆఫీసరుగారింట్లో సాగుతుందో నాకు తెలియదు. స్టవ్వు అటక ఎక్కింది, పొయ్యి మళ్ళీ అంటుకుంది. ఆమె వండటం మానలేదు, సిలిండరు కొనలేకపోయింది. 2024 నవంబరునుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితమన్నారు. మూడు మంచిదే. మిగిలిన నెలల మసి లెక్క ఎవరి పేర రాయాలో కూడా చెబితే బాగుండేది.

అధ్యాపకుడు అడిగిన ప్రశ్న ఒకటి మిగిలింది. "గంధకం కడిగితే వేడి పెరుగుతుందా, పెరగదా?" కడిగి, బొగ్గును మాత్రం ఇలాగే తగలేస్తూ పోతే పెరుగుతుంది. ఇందులో నాకు సందేహం లేదు. అందుచేత యంత్రం బిగిస్తే చాలునని చెప్పేవాళ్ళతో కూడా నేను ఏకీభవించను. కాని దీన్నుంచి పొగను పోషించాలన్న నిర్ణయం రాదు. బొగ్గును తగ్గించాలన్న నిర్ణయం వస్తుంది. మసిని తగ్గిస్తే నీడా వేడీ రెండూ తగ్గుతాయి. మసి ఆయువు కూడా వారం పది రోజులే గనక ఫలితం వెంటనే కనబడుతుంది. మీథేను వాయువు పదేళ్ళకు పైగా వుంటుంది గనక దాన్ని తగ్గిస్తే ఒక తరంలోపల వేడి దిగుతుంది. గంధకం కడిగినందువల్ల పెరిగే వేడిలో కొంత భాగాన్ని ఈ రెంటితో పూడ్చుకోవచ్చు. కాని ఈ లెక్క వేస్తే ఇటుక బట్టీల యజమానులనూ, పాత డీజిలు లారీల యజమానులనూ, గ్యాసు ధర నిర్ణయించే కంపెనీలనూ కదపాలి. కదపటం కన్నా కణాల గుణగణాలను పొగడటం తేలిక.

బొగ్గు తగ్గించాలంటే సింగరేణి కార్మికుల నోట మన్ను కొట్టటమేనని మన ట్రేడ్‌యూనియను మిత్రులు కొందరు కోప్పడతారు. ఆ కోపాన్ని నేను గౌరవిస్తాను, స్టాఫ్‌రూము వాదంతో కలపను. కాని భూమి లోపలి బొగ్గు ధూళి ఎవరి గుండెల్లో పేరుకుందో వాళ్ళకు నాకన్నా బాగా తెలుసు. గనులు మూసే రోజు వచ్చినప్పుడు మొదట రోడ్డున పడేది కాంట్రాక్టు కార్మికుడే. ఆ రోజు వస్తుందని తెలిసి కూడా, ఇప్పట్నించే అతని జీతానికీ, పిల్లల చదువుకూ, మరో పనికీ పూచీ అడగకుండా, బొగ్గు శాశ్వతమని అతన్ని నమ్మించటం యూనియను పని కాదు, యాజమాన్యం పని.

పొగ తగ్గే ఏళ్ళలో వేసవి మరికొంత మండుతుంది కదా, అప్పుడేం చెయ్యాలని అడిగితే చెయ్యవలసినవి ఆకాశంలో లేవు. రోడ్డు పనిలో, ఇటుక బట్టీలో, మార్కెట్ యార్డులో ఏప్రిల్, మే నెలల్లో పగలు పదకొండు నుంచి నాలుగు దాకా పని ఆపాలి. ఆపిన గంటలకు కూలీ కొయ్యకూడదు. పని దగ్గర నీళ్ళూ, పందిరీ వుండాలి. వడదెబ్బ చావును గుండెపోటని రాసి పంపించే ఆస్పత్రి రిజిస్టరును అడిగి చూడాలి. తాటాకు పందిరికి ఎంతవుతుందో, గంధకం కడిగే యంత్రానికి ఎంతవుతుందో మన ఇంజనీరింగు విద్యార్థులు లెక్క కట్టి వచ్చే సంచికకు పంపితే, ఆ అధ్యాపకుడికి నేనే చదివి వినిపిస్తాను.